పెద్దలతో మనకు పనుండాలి

జగదేవ్‌పూర్‌లో ఒక ముసలి మనిషి ఎవరూ లేనట్టు బతుకుతున్నాడంటే కొత్తవాళ్లు నమ్మరు. తెల్లారితే గజ్వేల్ బస్సు, భువనగిరి బస్సు, వాటికోసం రోడ్డు మీద జనం. ఆదివారం, మంగళవారం వచ్చిందంటే తీగుల్ నర్సాపూర్‌లోని కొండపోచమ్మ గుడికి పోయే బండ్లు బారులు తీరుతాయి. కొమురవెల్లి మల్లన్నను మొక్కినవాళ్లు పోచమ్మను కూడా చూసి పోవడం ఇక్కడి ఆనవాయితీ. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా మెదక్ జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు సిద్దిపేట జిల్లాది. హైదరాబాద్ రెండు గంటల ప్రయాణం. ఊళ్లో గోడకు గోడ ఆనుకున్న ఇండ్లు, ఎవరింట్లో ఏం కూర ఉడుకుతుందో పక్కింటికి తెలిసే వాడకట్లు. ఇన్ని గొంతుల మధ్య ఒంటరితనం ఎక్కడుంటుంది?

ఉంది. ఆ ఇండ్లలోనే, ఆ గోడల పక్కనే ఉంది. రోజులకు రోజులు తన పేరు పెట్టి పిలిచే గొంతు వినని అవ్వలు, తాతలు ప్రతి వాడకట్టులో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తిండికి లోటు లేదు. నెత్తిన కప్పు ఉంది. నెలనెలా పింఛను వస్తుంది. కొడుకులు, కోడళ్లు చెడ్డవాళ్లూ కారు. లేనిదల్లా ఒకటే. వాళ్లతో ఎవరికీ పని లేదు. ముసలితనంలో మనిషి ఏకాకి కావడం అక్కడ మొదలవుతుందని నేను నమ్ముతున్నాను.

ఇది మనసుకు సంబంధించిన చిన్న బాధ అనుకుని వదిలేసే విషయం కాదని ఇప్పుడు వైద్యులు చెప్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో మనుషుల మధ్య సంబంధాలను పరిశీలించడానికే ఒక కమిషన్ వేసింది. 2025 జూన్‌లో వచ్చిన దాని నివేదిక ప్రకారం లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం వేధిస్తోంది. ఏడాదికి 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా. అమెరికాలో జాతీయ అకాడమీలు 2020లో పెద్దవాళ్ల మీద ఒక నివేదిక తెచ్చాయి. నలుగురికీ దూరమైన ముసలివాళ్లకు మతిమరుపు జబ్బు వచ్చే ముప్పు 50 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం, గుండెజబ్బు ముప్పు 29 శాతం దాకా ఎక్కువని అందులో ఉంది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనానికి ప్రత్యేకంగా మంత్రులనే పెట్టుకున్నాయి.

ఇవి విన్నప్పుడు మనకు లండన్‌లోనో టోక్యోలోనో తలుపు వేసుకున్న ఫ్లాటు, లోపల ఒక్క మనిషి కళ్ల ముందు కదులుతారు. మన దగ్గర అంత లేదులే అనుకుంటాం. అంకెలు కూడా ఆ ధీమాకు తోడొస్తాయి. 2017-18లో దేశమంతటా 45 ఏళ్లు దాటిన 72 వేల మందిని కలిసి చేసిన వృద్ధాప్య సర్వేలో, 60 దాటి ఇంట్లో ఒక్కరే ఉంటున్నవాళ్లు నూటికి ఆరుగురి దాకా తేలారు. మిగతావాళ్లంతా ఎవరో ఒకరితో ఉన్నట్టే లెక్క. కానీ ఒకే రేషన్ కార్డులో పేరున్నంత మాత్రాన ఒకరికొకరు తోడున్నట్టు కాదు. కోడలు పొద్దున ఎనిమిదింటికి పత్తి ఏరడానికి పోతుంది. కొడుకు గజ్వేల్‌లో పనికి పోతాడు. పిల్లలు బడి బస్సు ఎక్కుతారు. సాయంత్రం అందరూ వస్తారు, టీవీ మోగుతుంది, ఎవరి ఫోను వాళ్లు పట్టుకుంటారు. అవ్వ ముందుకు పళ్లెం వస్తుంది. పళ్లెంతో పాటు మాట రాదు.

ఈ ఒంటరితనం ఒక్కరోజులో రాదు. ముందుగా వచ్చేది చాలామందికి చెవుల దారినే. కళ్లు మసకబారితే ఇంటిల్లిపాదీ గమనిస్తారు, చెవులు మందగిస్తే విసుక్కుంటారు. ఒక్కమాట రెండుసార్లు చెప్పాల్సి వస్తే మూడోసారి చెప్పడం మానేస్తారు. పదిమందిలో కూర్చున్న తాత అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వుతాడు, ఎందుకో తెలియదు. ఎవరో అడిగినదానికి ఇంకేదో చెప్తే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. అట్లా నాలుగుసార్లు జరిగాక ఆయన కచీరు దగ్గరికి రావడమే మానుకుంటాడు. ఎందుకు వస్తలేవు తాతా అంటే ‘పోనియ్ బిడ్డా, నాకేం ఇనొస్తది’ అంటాడు. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం తగ్గించగలిగే కారణాలు 14 గుర్తించింది. వినికిడి తగ్గడం అందులో పెద్దవాటిలో ఒకటి. నలుగురితో సంబంధాలు తెగిపోవడం మరొకటి. ఒకటి రెండోదాన్ని ఎట్లా తెస్తుందో ఊళ్లో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా కనిపిస్తుంది.

కళ్ల కోసం తెలంగాణలో మంచి పని జరిగింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. 2023 జనవరిలో రెండో విడత మొదలైంది. ఊరూరా బల్లలు వేసి, కండ్లు చూసి, అద్దాలు ఇచ్చారు. దారాన్ని సూదిలోకి ఎక్కించలేక కుట్టుపని వదిలేసిన ఆడవాళ్లు మళ్లీ సూది పట్టారు. చెవుల కోసం అలా ఊరూరా బల్లలు వేసే పథకం ఇంకా రావలసే ఉంది. పేద వృద్ధులకు చేతికర్రలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలుపెట్టింది. కానీ వినికిడి యంత్రం కళ్లజోడు లాంటిది కాదు. పెట్టుకోగానే లోకం చక్కబడదు. మొదట్లో అన్ని చప్పుళ్లూ ఒక్కసారి మీద పడతాయి. అలవాటయ్యేదాకా ఒకరు దగ్గరుండాలి, చప్పుడు ఎక్కువ తక్కువలు సరిచేయాలి, బ్యాటరీ మార్చాలి. ఆ ఒక్కరు లేకపోతే యంత్రం డబ్బాలోనే ఉంటుంది, తాత ఇంట్లోనే ఉంటాడు.

ఆ తర్వాతిది మోకాళ్ల దారి. పాత పెంకుటింటి ముందు అరుగు ఉండేది. నడవలేని మనిషి కూడా దర్వాజ దాటి అరుగు మీద కూర్చుంటే ఊరే ఆయన ముందు నుంచి నడిచేది. పాలు పోసేవాళ్లు, బర్లను తోలుకుపోయేవాళ్లు, బడిపిల్లలు అందరూ ఒక మాట అని పోయేవారు. ఇప్పుడు స్లాబు ఇండ్లు వచ్చాయి. రోడ్డు దాకా ప్రహరీ, దానికి ఇనుప గేటు. లోపల ముసలమ్మ మంచం వెనక అర్రలో. బయటికి రావాలంటే నాలుగు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మంచి ఇల్లు కట్టుకున్నామన్న సంతోషంలో పెద్దమనిషి కూర్చునే చోటు పోయిందని ఎవరికీ తట్టలేదు. కొత్త ఇంటికి ముగ్గు పోస్తున్నవాళ్లకు నేను చెప్పేదొక్కటే. రోడ్డు కనపడేలా ఒక అరుగు, మెట్ల పక్కన ఒక కమ్మీ వేయించండి. మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు.

మూడోది జత విడిపోవడం. మగవాళ్ల విషయంలో ఇది చాలా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఊళ్లో సంబంధాలన్నీ నడిపింది అవ్వే. చుట్టాల ఇంట్లో కార్యానికి ఎవరు పోవాలి, పక్కింటి బాలింతకు ఏం పంపాలి, పాలోళ్లతో మాటలు ఎక్కడ ఆగాయి అన్నీ ఆమెకే తెలుసు. ఆమె పోయాక తాతకు ఇల్లుంది, ఇంటికి వచ్చేవాళ్లు లేరు. ఆడవాళ్లకైతే మనమే ఒక గోడ కట్టి ఉంచాం. బొట్టు తీసేసిన మనిషి పెండ్లి పందిట్లో ముందుకు రాకూడదు, శుభకార్యానికి ఎదురు పడకూడదు. మనుమరాలి పెండ్లికి పసుపు దంచిన చేతులే తలంబ్రాల వేళకు వెనక వరుసకు పోతాయి. ఎవరూ పొమ్మనరు. ఆమే పోతుంది. అట్లా పోవడమే మర్యాదని నేర్పాం కాబట్టి పోతుంది. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామసభ 2022 మేలో, భర్త చనిపోయిన స్త్రీల చేత చేయించే ఈ ఆచారాలను తమ ఊళ్లో ఆపుతున్నామని తీర్మానించింది. ఒక గ్రామసభ చేయగలిగిన పని ఇది. దీనికి నిధులు అక్కరలేదు. మన మండలంలో ఏ సర్పంచి ముందుకొచ్చినా చేయవచ్చు.

నాలుగోదాని గురించి విదేశీ నివేదికల్లో పెద్దగా కనిపించదు. అది మన ఇండ్లలోదే. వంతులు. ఇద్దరు కొడుకులుంటే అవ్వ పెద్దోని దగ్గర, తాత చిన్నోని దగ్గర. లేకుంటే నెల ఇక్కడ, నెల అక్కడ. పంపకాల రోజు పెద్దమనుషులు కూర్చుని భూమి, బర్లు, అప్పులు పంచినట్టే తల్లిదండ్రులను కూడా పంచుతారు. కొడుకుల మధ్య న్యాయం జరిగిందంటారు. యాభై ఏళ్లు ఒక కప్పు కింద బతికిన ఇద్దరిని విడదీయడం ఏ న్యాయం? ఒకరు అల్వాల్‌లో అద్దె ఇంటి మూడో అంతస్తులో, ఇంకొకరు ఊళ్లో. నెల మారితే మంచం మారుతుంది, పక్కిల్లు మారుతుంది, డాక్టరు మారతాడు. ఏ చోటా నలుగురితో మాట కలిసేలోపు వంతు అయిపోతుంది. ‘మీ నాయిన ఎట్లున్నడు’ అని అవ్వ ఫోనులో కొడుకునే అడగాలి. ఇది పేదరికం వల్ల వచ్చింది కాదు. పెద్దమనుషుల తీర్పు వల్ల వచ్చింది. ఆ తీర్పు ఇచ్చేవాళ్లు ఒక్కమాట ముందే అనగలరు: ఖర్చు పంచుకోండి, మనుషులను పంచకండి.

అయిదోది భూమి. కొండపోచమ్మ పేరు పెట్టిన జలాశయాన్ని 2020 మే నెలలో ప్రారంభించారు. 15 టీఎంసీల నీరు పట్టే ఆ సాగరం కింద మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి ఊళ్లు పోయాయి. అక్కడివాళ్లు తున్కి బొల్లారంలో కట్టిన కాలనీకి తరలారు. నీళ్లతో ఎన్నో పొలాలు బతుకుతాయి, అది నిజమే. కొత్త కాలనీలో వయసువాళ్లు కొత్త దారులు వెతుక్కుంటారు. డెబ్బై ఏళ్ల మనిషికి మాత్రం ఊరంటే ఇల్లొక్కటే కాదు. బాయి దగ్గర చింతచెట్టు, పొద్దుగాల పొలం గట్టు మీద కలిసే మనిషి, పోచమ్మ గుడి ముందు తన జాగా, అన్నీ కలిపితేనే ఊరు. ఇప్పుడు సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 158 కిలోమీటర్ల ప్రాంతీయ వలయ రహదారికి భూములు పోతున్నాయి. పరిహారం లెక్కలో ఎకరాలుంటాయి, చెట్లుంటాయి, బోరు కూడా ఉంటుంది. పొలానికి పోయే దారిలో రోజూ కలిసే మనుషులు ఉండరు. పైసలు బ్యాంకులో పడ్డ మరునాడు ముసలి రైతు యథాప్రకారం నాలుగింటికే లేస్తాడు. పోవడానికి చోటు ఉండదు.

భూమి ఉన్నవాళ్లకు కూడా పని జారిపోయింది. ఎడ్లు ఉన్న రోజుల్లో ముసలాయనకు వాటికి నీళ్లు పెట్టడం, మేత వేయడం, కట్టేయడం ఉండేవి. విత్తనం ఏ కుండలో ఉందో, ఎప్పుడు ఎండబెట్టాలో అవ్వ చేతిలో ఉండేది. ట్రాక్టరు వచ్చింది, వరికోత మిషను వచ్చింది, విత్తనం సంచుల్లో కొనుక్కొస్తున్నారు. కష్టం తగ్గింది, తగ్గాల్సిందే. కానీ కష్టంతో పాటు ‘అవ్వా, ఇత్తులు తీసియ్యి’ అని పిలిచే అవసరం కూడా పోయింది.

అందుకే ఈ మధ్య జరిగిన మంచి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దవాళ్ల ఒంటరితనాన్ని తగ్గించిన పనులు ఆ పేరుతో వచ్చినవి కావు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. అప్పటినుంచి అవ్వలు బిడ్డల ఇండ్లకు పోతున్నారు. గజ్వేల్ దవాఖానకు, యాదగిరిగుట్టకు, చావు పలకరింపులకు ఎవరి చేతుల వైపూ చూడకుండా పోతున్నారు. ఇదివరకు బస్సు కిరాయి కోసం కొడుకును అడగాలంటే నోరు రాక ఆగిపోయిన ప్రయాణాలవి. 2006లో మొదలైన ఉపాధి హామీని ఊళ్లో కరువు పని అంటారు. అరవై దాటిన ఆడవాళ్లు దానికి ఎండలో ఎందుకు పోతారో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కూలి కావాలి, నిజమే. చెట్టు కింద సద్ది విప్పుకుని పదిమందితో మాట్లాడే గంట కూడా కావాలి. మహిళా సంఘాల్లో సభ్యత్వం 60 ఏళ్లతో ఆగేది, 2025లో దాన్ని 65కు పెంచారు. ఇరవై ఏళ్లు నెలనెలా మీటింగుకు పోయిన మనిషిని వయసు నిండిందని ఇంటికి పంపితే ఆమె పోగొట్టుకునేది అప్పు ఒక్కటే కాదు. పెంచడం మంచి పని. వయసు హద్దే లేని సంఘాలు ఇంకా మంచివి.

ఇక పింఛను. 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు 200 రూపాయల వృద్ధాప్య పింఛను 1,000 అయింది, 2019లో 2,016 అయింది. ఆ డబ్బు చేతికొచ్చాక ఇంట్లో పెద్దమనిషికి కొంత మాట వచ్చింది. అవ్వ మనుమరాలికి గాజులు కొనగలిగింది, మందుల షాపులో అప్పు లేకుండా నిలబడగలిగింది. పింఛను ఇచ్చే రోజు పోస్టాఫీసు ముందు ఒకసారి నిలబడి చూడండి. పంపిణీ పదింటికైతే ఏడింటికే వచ్చి కూర్చుంటారు. కూలి పనుల్లో అరిగిన వేళ్లకు మిషనులో ముద్ర పడదు, మళ్లీ మళ్లీ పెట్టాలి. ఎండలో కూర్చోవాలి. ఆ బాధ తీరాలి, ముఖం చూసి ఇచ్చే పద్ధతులు, మంచం పట్టినవాళ్లకు ఇంటికే తెచ్చి ఇవ్వడం తప్పకుండా ఉండాలి. అయితే ఆ మూడు గంటల్లో అక్కడ జరిగే ఇంకోటి కూడా చూడాలి. ‘ఏమే, అటు దిక్కు కానొస్తలేవు?’ ‘పానం బాగుంటలేదక్కా.’ ‘చిన్నోడు ఫోన్ చేస్తుండా?’ నెలంతా దాచుకున్న మాటలన్నీ ఆ రోజే. అందరికీ డబ్బు నేరుగా ఇంటికో ఖాతాకో పంపేసి ఆ రోజును తీసేస్తే, సౌకర్యం పేరుతో మనం వాళ్లకున్న ఒక్క జాతర తీసేసినట్టవుతుంది. ఆ రోజును ఉంచాలి, బాగు చేయాలి. పంచాయతీ ఒక షామియానా, బెంచీలు, మంచినీళ్లు పెట్టాలి. ఆ రోజే ఆశా కార్యకర్త బీపీ, షుగరు చూడాలి, చెవులు చూసే మనిషి రావాలి. ఒక పూట భోజనం పెట్టగలిగితే అంతకంటే ఏం కావాలి! ఈసారి రానివాళ్లెవరో అక్కడివాళ్లకే ముందు తెలుస్తుంది. వాళ్లింటికి అదే సాయంత్రం ఒకరు పోవాలి.

చట్టం కూడా ఉంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ట్రైబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. మనకు గజ్వేల్‌లోనే ఆర్డీవో ఉన్నారు. 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కొట్టేవాళ్లు, ఆస్తి రాయించుకుని వెళ్లగొట్టేవాళ్లు ఉన్నప్పుడు ఈ చట్టం తప్పక వాడాలి, వాడేవాళ్లకు ఊరు అండగా నిలబడాలి. కొడుకు మీద కేసు పెట్టిందని తల్లిని తప్పుపట్టడం మానాలి. కానీ ట్రైబ్యునల్ పైసలు ఇప్పించగలదు. పక్కన కూర్చుని మాట్లాడమని ఉత్తర్వు ఇవ్వలేదు.

అది మన వంతు. జాలితో ఆ పని కాదు. జాలిగా పలకరించేవాళ్లను పెద్దవాళ్లు ఇట్టే కనిపెడతారు. నిజంగా వాళ్లతో అవసరం ఉండి పోవాలి. అవసరాలు లేవా? 2025లో భూమి రికార్డుల కోసం భూభారతి చట్టం వచ్చింది. సాదాబైనామాల (తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకాల) గొడవలు, హద్దుల తగాదాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఏ గట్టు ఎవరు జరిపారో, ఏ తెల్ల కాగితం ఎవరి ముందు రాశారో చెప్పగలిగేది ఎవరు? ఊరి చెరువుకు నీళ్లు ఏ వాగు దారిన వచ్చేవి, అది ఎక్కడ మూసుకుపోయింది? పోచమ్మకు బోనం వండే పద్ధతి, పండుగకు పాడే పాటలు, మీ తాత అన్నదమ్ముల్లో ఒకరు ఊరు విడిచి ఎందుకు పోయారు? ఇవన్నీ ఇంకా కొంతమంది దగ్గరే ఉన్నాయి. బడిలో పంతుళ్లు పిల్లలకు ఊరి చరిత్ర రాయమని పని ఇస్తే, వాడకట్టుకు ఇద్దరు పిల్లలు ఇద్దరు తాతల ముందు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. అప్పుడు ఆ తాత మరునాటి కోసం ఎదురుచూస్తాడు, మరిచిపోయినవి గుర్తుచేసుకుంటాడు, అంగీ మార్చుకుని కూర్చుంటాడు.

హైదరాబాద్‌లోనో దుబాయిలోనో డల్లాస్‌లోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీరు ఫోన్ చేసినప్పుడు ‘తిన్నవా, మందులేసుకున్నవా’ అని అడిగి ఆపకండి. ఆ ప్రశ్నలకు అవును, కాదు తప్ప జవాబు లేదు. మీకు తెలియనిది, వాళ్లకు తెలిసినది ఒకటి అడగండి. పచ్చిపులుసులో ఏమేస్తారో, పాత బాయి ఎవరు తవ్వించారో, ఈ ఏడు ఏ చెక్కలో ఏం వేద్దామో అడగండి. చెప్పేదాకా ఆగండి, చెప్పింది చేయండి, చేసి మళ్లీ చెప్పండి. ఊళ్లోనే ఉన్నవాళ్లు ఈ వారం గేటు తీసుకుని లోపలికి పోయి ఒక పెద్దమనిషికి ఒక పని అప్పగించండి. పెద్దవాళ్లను పోషించడం ప్రభుత్వాల బాధ్యత కావచ్చు, కొడుకుల బాధ్యత కావచ్చు. వాళ్లతో పనున్నట్టు బతకడం ఊరి బాధ్యత, మనందరి బాధ్యత.